తలుపుల పండుగ నాడు వచ్చిన చుట్టాలు

మణికవాట రాజ్యంలో ఏడాదికి ఒక్క రోజు ఏ ఇంటికీ తలుపు ఉండదు.

ఏనుగులు గుద్దినా చలించని రాజుగారి కోట తలుపులు, వర్తకుల వీధిలో చిలకలూ లతలూ చెక్కిన టేకు తలుపులు, పేదవాడి గుడిసెకున్న తాటాకు తడిక, అన్నీ ఆ రోజు తెల్లవారేసరికి ద్వారబంధాల నుంచి ఊడి వస్తాయి. మగవాళ్ళు వాటిని నెత్తిన పెట్టుకుని, బళ్ళ మీద వేసుకుని, డప్పులు మోగిస్తూ హేమవాహిని నదికి తీసుకుపోతారు. ఏడాదంతా ఎండకూ వానకూ నిలబడి ఇంటిని కాచిన తలుపుతల్లికి ఆ రోజు తలంటు. నలుగు పెట్టి, నదిలో ముంచి, నువ్వుల నూనె రాసి, పసుపు కుంకుమలు దిద్ది, పొద్దు వాలేవేళకు మళ్ళీ తెచ్చి ఎక్కిస్తారు. అంతవరకూ ఊళ్ళో ఇళ్ళన్నీ ఆవలిస్తున్నట్టు నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆ రోజు గడప తొక్కినవాణ్ణి "ఎవరు నువ్వు" అని అడగకూడదు. పొమ్మనకూడదు. తలుపుతల్లి ఏ వేషంలో వస్తుందో ఎవరికి తెలుసు? వచ్చినవాళ్ళు రాజయినా బిచ్చగాడయినా పీట వేసి వడ్డించవలసిందే.

ఊరందరికీ తాళాలు చేసిపెట్టే ఉక్కునాగన్న ఇల్లు కూడా ఆ రోజు బార్లా తెరిచే ఉంది. మూడు నాలుకల తాళం, ఏనుగు తొండం తాళం, దొంగచెయ్యి పడితే వేలు కొరికే మొసలి తాళం, ఇవన్నీ నాగన్న కొలిమిలో పుట్టినవే. తాళాలవాడి తలుపు ఊరేగింపుకు ముందు నడవాలని నియమం. అందుకని అతను సూర్యుడు పొడవక ముందే తలుపు నెత్తికెత్తుకున్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు.

"కేతకీ, జాగ్రత్త. మొసలి తాళం గూట్లో పెట్టాను."

"దేనికి వెయ్యను? గాలికా?" అంది పెళ్ళాం.

అతను నెత్తిమీద తలుపు సర్దుకున్నాడు. డప్పు మోగింది, వెళ్ళిపోయాడు.

కేతకికి భయం లేకపోలేదు. ఆమెకు మూడు నెలల కూతురుంది. పేరు రవ్వ. మొన్న అమావాస్యకు వచ్చిన ఎరుకలసాని ఆ పిల్ల తల నిమరబోయి, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. "అమ్మో, మూడు సుడులు! తల్లీ, నల్లశిల గుహలో అంగారజటుడనే మాంత్రికుడున్నాడు. ఆ గుహ లోపలి తలుపుకు తాళమూ లేదు, గడియా లేదు. మూడు సుడుల పసిబిడ్డ అరచెయ్యి తగిలితేనే తెరుచుకుంటుంది. తెరిచిన బిడ్డ ఆ క్షణమే రాయి అయిపోతుంది. వాడు పిలవని గడప దాటితే నేర్చిన మంత్రాలన్నీ మరిచిపోతాడు. కనక తాను రాడు, ఎవర్నో పంపుతాడు. కాచుకో" అని చెప్పి, చేటెడు బియ్యం కూడా తీసుకోకుండా పరుగెత్తింది.

అత్తగారు బుచ్చిదేవమ్మ అంతా విని ఒక్కటే మాట అంది: "మా వంశంలో అందరికీ ఒకటే సుడి. ఇవి నీ పుట్టింటి నుంచే వచ్చి ఉంటాయి."

పండుగ పూట కేతకి ఉయ్యాలను నట్టింట్లోంచి విప్పి, వంటింటి దూలానికి కట్టింది. బుచ్చిదేవమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఉడికించి రుబ్బిన శనగపప్పు బెల్లంతో పూర్ణం ఉండలు చేస్తోంది.

"వంటింట్లో ఉయ్యాలేమిటే? పొగకు పిల్ల కళ్ళు మండవూ?"

"మండిన కళ్ళు కడిగితే చల్లబడతాయి అత్తా. పిల్ల పోతే మళ్ళీ రాదు."

"పండుగ పూట పోవడం మాటలేమిటి, శుభమా అని! మీ అమ్మ నీకు మాట్లాడటమూ నేర్పలేదు, బూరెలకు తోపు కలపడమూ నేర్పలేదు."

కేతకి మినప్పిండి, బియ్యప్పిండి కలిపిన తోపును గరిటెతో తిప్పుతూ గుమ్మం వైపే చూస్తోంది. రోకలి ఆమె పక్కనే గోడకు ఆనించి ఉంది.

రెండు జాముల పొద్దెక్కేసరికి గడపలో రెండు నీడలు పడ్డాయి. ఒకటి బైరాగిది. తాడిచెట్టంత మనిషి, ఒళ్ళంతా విభూతి, నెత్తిన తాటిపీచుతో చేసినట్టున్న జడలు. రెండోది గాజులమ్మిది. నెత్తిన పెద్ద వెదురుబుట్ట, కళ్ళదాకా ముసుగు, పళ్ళనొప్పి వచ్చినదానిలా మూతి మీదుగా చెంపల చుట్టూ గుడ్డకట్టు. భుజాలు మాత్రం బరువులెత్తే మల్లుడి భుజాలు.

"భవతీ భిక్షాం దేహి!" అన్నాడు బైరాగి.

"రండి సామీ, రండి! వేళకు వచ్చారు. వడ్డించమంటారా?" అని బుచ్చిదేవమ్మ లేచింది.

బైరాగి కంగారుపడ్డాడు. "వద్దు వద్దు! భిక్ష అని అలవాటుకొద్దీ అన్నాను తల్లీ. మాకు నీడ చాలు."

"నాకూ నీడే చాలు వదినా" అంది గాజులమ్మి. గొంతు సన్నంగా మొదలై చివర బొంగురుగా దిగింది.

ఇద్దరూ వంటింటి గుమ్మం పక్కనే చతికిలబడ్డారు. బుచ్చిదేవమ్మకు బైరాగులంటే ప్రాణం. పూర్ణం చేతులతోనే దణ్ణం పెట్టి, "సామీ, నా మోకాళ్ళ నొప్పులు ఎప్పటికి పోతాయో చూసి చెప్పండి" అని కాళ్ళు చాపింది.

బైరాగి ఆమె మోకాళ్ళు చూడలేదు. పక్కనున్న గోడను వేలి కణుపుతో రెండుచోట్ల తట్టి, చెవి ఆనించి విని, "మట్టిగోడ. మూరెడున్నర. రెండు ఘడియల పని" అన్నాడు.

"ఏం పని సామీ?"

బైరాగి నాలుక కరుచుకున్నాడు. "అదే... నీ నొప్పి. రెండు ఘడియల్లో పోతుంది."

"చూశావుటే! గోడను అడిగి చెప్పారు!" అని బుచ్చిదేవమ్మ కోడలివైపు గర్వంగా చూసింది.

ఈలోగా గాజులమ్మి కేతకి చెయ్యి పట్టుకుంది. గాజులు తొడిగేవాళ్ళు ముందు బొటనవేలు లోపలికి మడిచి, పిడికిలి మెత్తగా నొక్కి, కణుపులు ఒక్కటొక్కటే దాటిస్తారు. ఈమె అదేమీ లేకుండా గాజును కడియంలా పట్టుకుని ఒక్క తోపు తోసింది. మూడు గాజులు పటపటా విరిగాయి.

"చేతులు పెద్దవి వదినా నీవి."

"అవునవును" అంది కేతకి, ఆ అరచేతిలో తాడు పట్టి పట్టి కాసిన కాయలను చూస్తూ.

ఇక సందేహం లేదు. వీళ్ళు ఆ మాంత్రికుడు పంపగా వచ్చినవాళ్ళు. అరిస్తే ఏం లాభం? మగవాళ్ళంతా నది దగ్గరున్నారు. కట్టుబాటు ప్రకారం పొమ్మనడానికి లేదు. రోకలితో ఒకణ్ణి పడగొట్టేలోగా రెండోవాడు పాపను ఎత్తుకుపోతాడు. కేతకి ఒక్క క్షణం ఆలోచించి నవ్వు ముఖం పెట్టింది.

"లేవండి, ఆకులు వేశాను. పప్పు, పులుసు, గుమ్మడి వడియాలు, గడ్డ పెరుగు."

"వద్దు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

"నాకు ఉపవాసం" అన్నాడు బైరాగి.

"నాకు పళ్ళనొప్పి" అంది గాజులమ్మి.

"పోనీ చల్లలో ఇంత ఉప్పు వేసి ఇస్తాను, అది నమలక్కర్లేదుగా."

ఉప్పు అనే మాట వినగానే బైరాగి కాలికింద పాము కనబడినట్టు కాళ్ళు ముడుచుకున్నాడు.

కేతకి మనసులో దీపం వెలిగింది. దొంగల సంగతి తాళాలు చేసేవాడికి తెలిసినంతగా దొంగలకు కూడా తెలియదు. నాగన్న అన్నం తింటూ ఎన్నోసార్లు చెప్పాడు. కన్నం వేసే దొంగలకు గురూపదేశం ఒకటుంటుంది: ఉప్పు తిన్న ఇంట్లో చెయ్యి పెడితే ఆ చెయ్యి చచ్చుపడిపోతుంది, ఉప్పు తిన్న ఇంటికి ఆపద వస్తే విడిచి పారిపోకూడదు. రాజుగారి ఆజ్ఞకు భయపడని దొంగ కూడా దీనికి భయపడతాడు.

ఆమె ఇంకేమీ బలవంతపెట్టలేదు. మూకుడు పొయ్యి మీద పెట్టి, పూర్ణం ఉండ ఒకటి తోపులో ముంచి కాగే నూనెలో వదిలింది.

సుయ్యిమంది. వెనకే ఇంకోటి, ఇంకోటి. కాసేపటికి బంగారు రంగు తిరిగిన బూరెలు నూనెలో పల్టీలు కొట్టడం మొదలుపెట్టాయి. బెల్లమూ యాలకులూ కలిసిన ఆ వాసన వంటిల్లు నిండి, గుమ్మం దాటి, చుట్టాల ముక్కుల్లో దూరి, అక్కడినుంచి కడుపులోకి దిగి గంటలు వాయించింది. అంగారజటుడు మూడు రోజులుగా వాళ్ళను అడవిదారుల వెంట వేగంగా నడిపించి తెచ్చాడే గాని, వెలక్కాయ ముక్క తప్ప పెట్టిన పాపాన పోలేదు.

"అన్నా" అంది గాజులమ్మి బైరాగి చెవిలో. ఆ గుసగుస పక్కవీధికి కూడా వినబడేదే. "బూరె తీపి గదా?"

"తీపే."

"తీపిలో ఉప్పెక్కడుంటుంది?"

"ఉండదురా. గురువుగారు ఉప్పన్నారు గాని బెల్లం అనలేదు."

ఊడుమప్ప, పిల్లెన్న అని పేరు మోసిన ఆ అన్నదమ్ములిద్దరూ వెయ్యి వంటిళ్ళలో దూరినవాళ్ళు. ఇత్తడి గుండిగలు, వెండి గిన్నెలు, కంచు చెంబులు ఎత్తుకుపోయారు. ఆ గుండిగల్లో ఆడవాళ్ళు ఏం వేస్తారో, ఎంత వేస్తారో, ఎన్నడూ నిలబడి చూసిన పాపాన పోలేదు.

"తల్లీ" అన్నాడు బైరాగి వేషంలో ఉన్న ఊడుమప్ప, గొంతు సవరించుకుని. "ఉపవాసంలో తీపికి దోషం లేదని శాస్త్రం."

"పళ్ళనొప్పికి కూడా మెత్తటివి మంచివంటారు" అన్నాడు గాజులమ్మి వేషంలో ఉన్న పిల్లెన్న.

"మా అత్త చేతి పూర్ణం, అమృతమే" అంది కేతకి. అది అబద్ధం కాదు. తోపు సంగతి ఆమె ఎత్తలేదు.

మొదటి వాయి ఆకులో పడీ పడకముందే మాయమైంది. రెండో వాయికి బైరాగి బూరెకు చిల్లుపెట్టి నెయ్యి పోయించుకోవడం నేర్చుకున్నాడు. మూడో వాయికి పిల్లెన్న రెండు చేతులతో తినసాగాడు. తింటూనే పని మరచిపోలేదు. కాలితో వెదురుబుట్టను ఉయ్యాల కిందికి జరిపాడు. కేతకి మూకుడు వైపు వంగిన అదను చూసి, నేతి చెయ్యి చీరకు తుడుచుకుని, ఉయ్యాలలోకి చాపాడు. రవ్వ మేలుకునే ఉంది. ఆ ముసుగు ముఖాన్ని చూసి కిలకిల నవ్వింది. వాడి వేళ్ళు పాప నడుముకు జానెడు దూరంలో ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే బుచ్చిదేవమ్మ ఒక బూరె కొరికి మొహం చిట్లించింది.

"కేతకీ! నీకు వెయ్యిసార్లు చెప్పాను. తోపులో ఉప్పు చాల్లేదే! చిటికెడు వేస్తే ఏ మూలకు? ఇంత పిండికి రెండు చిటికెలన్నా పడకపోతే బూరె చప్పగా ఏడవదూ!"

పిల్లెన్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఊడుమప్ప నోట్లో ఉన్న బూరె నోట్లోనే ఉండిపోయింది.

"ఏ... ఏమిటి చాల్లేదు?" అన్నాడు పిల్లెన్న, మగగొంతుతోనే.

"ఉప్పు నాయనా, ఉప్పు" అంది ముసలామె, "నాయనా" అని ఎందుకన్నదో తనకే తెలియక. తల తిప్పి చూసింది. చెంపకట్టు జారి గాజులమ్మి మెడలో పడింది. గుబురు మీసం, మీసం నిండా నెయ్యి.

"అయ్యో అయ్యో! సామీ చూశారా, గాజులమ్మికి మీసాలు!"

సామి చూడలేదు. గోడకు తల బాదుకుంటున్నాడు. తాటిపీచు జడలు ఊడి పులుసు గిన్నెలో పడ్డాయి.

"మోసం తమ్ముడూ, మోసం! తీపిలో ఉప్పు వేస్తారట్రా! ఇదెక్కడి అన్యాయం! మనం తాళం లేని చోట తలుపు పగలగొడుతున్నామా? కన్నం వేసే ముందు కూడా గోడకు దణ్ణం పెడతామే! మనకున్న నీతి వీళ్ళకు లేదే!"

కేతకి రోకలి ఎత్తి నిలబడింది. "మూడు వాయిల ఉప్పు తిన్నారు. ఇప్పుడు ఆ చెయ్యి దించుతావా, అదే ఎండి రాలేదాకా ఉంచుతావా?"

పిల్లెన్న చెయ్యి చటుక్కున చంకలో దాచుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఆమె కాళ్ళ మీద పడ్డారు.

"తప్పయింది తల్లీ. ఇక ఈ ఇంటి గడ్డిపోచ ముట్టుకోం. పైగా ఈ ఇంటికి ఆపద వస్తే మా ప్రాణాలు అడ్డం వేయాలి. మా ఖర్మ!"

"ఆపద ఎక్కడుంది?"

ఊడుమప్ప నేతివేలు చాపి చూపించాడు. ఎదురింటి ప్రహరీ మీద ఒక కోడిపుంజు కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ అది కూయలేదు, గింజ ఏరుకోలేదు. దాని జుట్టు నిప్పుకణాల్లా రగులుతోంది.

"అదే అంగారజటుడు" అన్నాడు గుసగుసగా. గుసగుస వాళ్ళ వంశానికే చేతకాదు. పుంజు విననే విన్నది.

ఆ పుంజు రెక్కలు ఒక్కసారి విదిలించింది. వీధంతా పొగ కమ్మింది. పొగలోంచి మాంత్రికుడు లేచాడు. ఎండిన తుమ్మమొద్దులాంటి శరీరం, మెడలో పాము కుబుసాల హారం, చేతిలో మర్రిఊడ దండం. నెత్తిన జడలు జడలు కావు, కొలిమిలోంచి తీసిన ఇనుప కమ్ములు. వాటి కొసల నుంచి నిప్పురవ్వలు రాలి నేలమీద చిటపటలాడాయి. వీధిలో కుక్కలు తోకలు ముడుచుకుని వాకిళ్ళలో దూరాయి. తలుపులు లేవు కనక వాటికి అడ్డమూ లేదు.

"తిండిపోతుల్లారా!" అని గర్జించాడు. "బూరెకు అమ్ముడుపోయారా!"

"మూడు వాయిలకు" అన్నాడు పిల్లెన్న చిన్నబోయి.

మాంత్రికుడు గడప ముందుకొచ్చి కాలెత్తాడు. ఎత్తిన కాలు అక్కడే ఆపాడు. "పిలువు" అన్నాడు బుచ్చిదేవమ్మతో, గొంతు తీపి చేసి. "అవ్వా, ఇది పండుగ గదా. వచ్చినవాణ్ణి లోపలికి రమ్మనవా?"

బుచ్చిదేవమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "గడప తొక్కినవాడికే మర్యాద. నువ్వింకా తొక్కలేదుగా, తొక్కిన తర్వాత చూద్దాం. అయినా ఆ నెత్తిమీద నిప్పేమిటి? కొత్తగా నేయించిన కప్పు మాది."

ఆ మాటతో మాంత్రికుడి కళ్ళు పైకి లేచాయి. గడప దాటకూడదు, నిజమే. కప్పు ఎక్కకూడదని ఎవరన్నారు? ఒక్క దూకు దూకి ఇంటి వెన్ను మీద పద్మాసనం వేసుక్కూర్చున్నాడు. దండం ఒడిలో పెట్టుకుని, నిప్పురవ్వలు కప్పు మీద రాలకుండా జడలు నెత్తిన ముడివేసి, కళ్ళు మూసి, గృహోత్పాటన మంత్రం ఎత్తుకున్నాడు.

"ఓం హ్రాం హ్రీం ఉత్తిష్ఠ ఉత్తిష్ఠ గృహ!"

గుంజలు పళ్ళు పెరికినట్టు నేలలోంచి ఊడాయి. పొయ్యి, ఉయ్యాల, అత్త, కోడలు, ఇద్దరు దొంగలు, మూకుడు నిండా కాగే నూనె, అన్నిటినీ కడుపులో పెట్టుకుని తాళాల నాగన్న ఇల్లు ఆకాశంలోకి లేచింది.

కింద మణికవాట నగరం రంగవల్లిలా చిన్నదైపోయింది. హేమవాహిని పసుపుతాడులా మెరిసింది. దాని ఒడ్డున వేల తలుపులు వరసగా ఎండకు ఆరుతున్నాయి. వాటి మధ్య నిలబడి ఒక చీమంత మనిషి తల పైకెత్తి రెండు చేతులూ ఊపుతున్నాడు. కేతకి "ఏమయ్యో!" అని అరిచింది. మబ్బు అడ్డం వచ్చి ఆ మనిషిని చెరిపేసింది. తెల్లని మబ్బులు ద్వారబంధంలోంచి లోపలికొచ్చి, వంటింట్లో కాసేపు తిరిగి, పెరటివైపు నుంచి వెళ్ళిపోయాయి. కొంగల బారు ఒకటి ఇంటికి దారి ఇచ్చి పక్కకు తప్పుకుంది.

"నా జీవితంలో పుట్టింటికి కూడా ఇంత దూరం పోలేదు" అంది బుచ్చిదేవమ్మ, స్తంభాన్ని కౌగిలించుకుని.

కేతకి మూకుడు దించి, పొయ్యి ఆర్పి, రవ్వను కొంగుతో రొమ్ముకు కట్టుకుంది. ఇల్లు ఉత్తరదిక్కుకు పోతోంది. ఆకాశం అంచున నల్లశిల పర్వతం పన్నులా కనిపిస్తోంది. అక్కడ దిగితే వాడు గడప దాటనక్కర్లేదు, ఆకలితోనో దాహంతోనో వీళ్ళే బయటికొచ్చేదాకా కూర్చుంటాడు.

"కప్పెక్కి వాణ్ణి తోసేస్తాం తల్లీ! ఒక్క మాట చెప్పు" అన్నాడు ఊడుమప్ప. పరిహారం చేసుకోవాలని వాడి తొందర.

"తోస్తే మంత్రం ఆగుతుంది. మంత్రం ఆగితే ఇల్లు రాయిలా పడుతుంది. బుర్రలు కూడా ఎవరింట్లోనో పెట్టి వచ్చారా?"

ముగ్గురూ పెరటివైపు వాసాలు పట్టుకుని కప్పు మీదికి తల పెట్టి చూశారు. మాంత్రికుడు కదలకుండా మంత్రం చదువుతూనే ఉన్నాడు. వీళ్ళను చూశాడు, కళ్ళెర్ర చేశాడు. తిట్టాలని నోరు పీకుతున్నట్టు పెదవులు వణికాయి. కాని తిడితే మంత్రం తెగుతుంది. తెగితే అతనూ పడతాడు. అతని ముఖం ఎటు ఉందో ఇల్లూ అటే పోతోంది. కేతకి ఆ సంగతి చూసింది.

"ఊడుమప్పన్నా, ఆయన్ను ఎత్తగలరా?"

"మా అన్న చేతిలో ఇనప్పెట్టెలే నిలబడలేదు" అన్నాడు పిల్లెన్న.

అన్నదమ్ములు ఉడుముల్లా కప్పు మీద పాకి, పద్మాసనంలో ఉన్న మాంత్రికుణ్ణి చెరో తొడ కిందా చెయ్యి వేసి, ఉత్సవ విగ్రహాన్ని తిప్పినట్టు మెల్లగా వెనక్కి తిప్పి కూర్చోబెట్టారు. "ఓం హ్రాం హ్రీం" అంటూనే అతను కళ్ళతో వాళ్ళను కాల్చేశాడు. ఇల్లు పెద్ద మూలుగు మూలిగి, ఒక పక్కకు ఒరిగి, నెమ్మదిగా దక్షిణానికి తిరిగింది. ఆ ఒరగడంలో అటకమీది ఊరగాయ జాడీ దొర్లి బుచ్చిదేవమ్మ ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. ఆమె దాన్నీ పిల్లలాగే పట్టుకుంది.

"ఇంటికి పోతున్నాం అత్తా!"

"పోతే సరే. ఎక్కడ దించుతారో చూసి దించండి. మన పునాది మీదే ఆనాలి, మెట్లు తప్పకూడదు."

మాంత్రికుడు మొండివాడు. మణికవాటం చేరితే రాజభటులు పట్టుకుంటారని తెలిసి గొంతు తగ్గించాడు. గొంతు తగ్గితే ఇల్లూ తగ్గింది. గుసగుసగా చదివేసరికి తాడిచెట్ల తలలు అరుగుల అడుగున రాసుకున్నాయి. తెలియని అడవిలో దిగి, అక్కడ తన పని చూసుకోవాలని వాడి ఎత్తు.

"వాడు గొంతు దాస్తున్నాడు!" అని కేతకి అరిచింది.

బుచ్చిదేవమ్మ జాడీ పక్కన పెట్టి, పొయ్యిలో ఇంకా వేడిగా ఉన్న అట్లకాడ తీసింది. నిచ్చెన ఎక్కి, కప్పులో ఒక తాటాకు పక్కకు జరిపింది. సరిగ్గా మాంత్రికుడు కూర్చున్న చోట కింది నుంచి ఒకటి పొడిచింది.

"ఓం హ్రాం హ్రీఈఈం!"

ఇల్లు ఎగిరి మబ్బుల్లో పడింది. అంతకంటే ఎత్తుగా వాడి గొంతు ఎప్పుడూ లేచి ఉండదు. "మోకాళ్ళ నొప్పులు నిజంగానే పోయాయే!" అని బుచ్చిదేవమ్మ నిచ్చెన మీదే ఆశ్చర్యపోయింది. గొంతు తగ్గినప్పుడల్లా ఆమె పొడిచింది. పొడిచినప్పుడల్లా ఇల్లు దారి తప్పి గంతేసింది. అలా రెండు కొండలు, ఒక ఏరు, పేరు తెలియని మూడు ఊళ్ళు దాటారు. ఆ ఊళ్ళలో జనం పైకి చూసి, కిందపడి దణ్ణాలు పెట్టారు. ఒక ఊళ్ళో ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టారు.

"చాలు అత్తా! గొంతు పోతే మనమూ పోతాం!"

"ఇంకొక్కటి" అంది ముసలామె. ఆ ఒక్కటి గట్టిగా పడింది.

మాంత్రికుడి గొంతు కాకి గొంతైంది, కప్ప గొంతైంది, ఆ తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు. అతను నోరు ఆడిస్తూనే ఉన్నాడు, రెండు చేతులూ ఊపుతూనే ఉన్నాడు. ఇల్లు మాత్రం విరిగిన గొడుగులా ఊగుతూ ఊగుతూ కిందికి దిగసాగింది. కేతకి పిల్లను రెండు చేతులతో పొదివి కళ్ళు మూసుకుంది.

దభీమంది.

కళ్ళు తెరిచి చూస్తే ఇల్లు నిలబడే ఉంది. చుట్టూ పాలరాతి అరుగులు, నెమళ్ళు చెక్కిన స్తంభాలు, ఆకాశాన్నంటే బురుజులు. ఏ దేశమో తెలియదు, ఎవరి కోటో తెలియదు. కోట నడి పెరట్లో, ఆరబెట్టిన నూరు చాపల వడియాల మీద వీళ్ళ ఇల్లు కూర్చుంది. గోడ ఆవలనుంచి బూరలు మోగాయి. నలువైపులనుంచీ భటులు ఈటెలతో పరుగెత్తుకొచ్చి ఇంటిని చుట్టుముట్టారు.

"దొంగలు! రాణివాసంలో దొంగలు పడ్డారు!"

భటుల మధ్యనుంచి ఆ దేశపు రాణి వచ్చింది. వయసు కేతకి వయసే. ఒక చేతిలో ఒరదూసిన కత్తి, చంకన పాలుతాగే బిడ్డ.

కేతకి గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించింది. "తల్లీ, మేం దొంగలం కాం. ఇల్లూ వాకిలీ ఉన్న సంసారులం."

రాణి ఆమె వెనక్కి చూసింది. కప్పు మీదినుంచి చీర కట్టిన మీసాలవాడు ఒకడు దిగుతున్నాడు. సగం విభూతి చెరిగిన ఇంకొకడు, అలవాటు కొద్దీ, పక్కనున్న పాలరాతి గోడను తట్టి చూస్తున్నాడు. పైన నిప్పుజడల మనిషి నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. నిచ్చెన మీద ఒక ముసలామె అట్లకాడతో నిలబడి ఉంది. కేతకి కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. రాణి స్థానంలో తానున్నా నమ్మేది కాదు.

"ఇల్లున్నవాళ్ళయితే ఇంట్లో ఉండాలి గాని, ఇల్లు వేసుకొచ్చి మా ఇంటి మీద పడతారా?" అంది రాణి. "సేనాపతీ, పెద్దవాళ్ళందర్నీ చెరలో వెయ్యి. ఆ పసిబిడ్డను ఎక్కడనుంచి ఎత్తుకొచ్చారో ఏమో. ముందు దాన్ని ఆ గడప దాటించి ఇలా తీసుకురా."

కప్పు మీద అంగారజటుడి పెదవులు ఆడటం మానేసి, నవ్వాయి. గడప అవతల పిల్ల చేతికి దొరికితే వాడికి గొంతుతో పనిలేదు.

సేనాపతి అడుగు ముందుకు వేశాడు. ఊడుమప్ప, పిల్లెన్న చెరోవైపు నిలబడ్డారు గాని, ఎదుట నూరు ఈటెలున్నాయి. కేతకి రోకలి వైపు చూడలేదు. గడప మీదే, అటూ ఇటూ కాకుండా చతికిలబడింది. కొంగు కప్పుకుని, రవ్వను ఒడిలోకి తీసుకుని పాలివ్వడం మొదలుపెట్టింది.

సేనాపతి ఆగిపోయాడు. చెవులదాకా ఎర్రబడి వెనక్కి తిరిగాడు. అతను తిరగ్గానే నూరుమంది భటులూ తిరిగారు. నూరు ఈటెల మొనలు బురుజుల వైపు చూశాయి.

"పిల్ల పాలు తాగే వేళ ఇది తల్లీ" అంది కేతకి, తల ఎత్తకుండా. "తాగనివ్వండి. ఆ తర్వాత తీసుకుపోదురు గాని."

రాణి చంకలో బిడ్డ ఆ చప్పుడు విని తానూ ఆకలితో కేరుమంది. రాణి కత్తి కిందికి దిగింది.

"సరే, పాలు తాగేదాకా ఎవరూ కదలకండి" అని ఆజ్ఞ వేసింది.

రవ్వ ఒక గుక్క తాగుతుంది, కాసేపు తల్లి పూసలతో ఆడుకుంటుంది, కునుకు తీస్తుంది, లేచి మళ్ళీ ఒక గుక్క తాగుతుంది. పొద్దున మొదలుపెడితే పొద్దు వాలేలోగా ఒక పక్క కూడా ముగించని పిల్ల. ఆ సంగతి ఆ కోటలో ఎవరికీ తెలియదు. కేతకి పాప వీపు నిమురుతూ, ఎటునుంచి తప్పించుకోవచ్చా అని, కొంగు చాటునుంచి కోట గోడలు ఎక్కడెక్కడ ఎంత ఎత్తున్నాయో ఒక్కొక్కటే చూడసాగింది.